ఆస్ట్రానమీ ఆన్ ట్యాప్

ఆస్ట్రానమీ ఆన్ ట్యాప్ అనేది ఖగోళ శాస్త్రవేత్తలు పబ్బులు, బార్లు, బీరు తయారీశాలల వంటి చోట్ల సాయంకాలం వేళ సామాన్య ప్రజలకు తమ శాస్త్రాన్ని గురించి ప్రసంగించి, వారికి ప్రశ్నల పోటీ నిర్వహించే కార్యక్రమం. ఇది 2013లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో మొదలైనది. తరువాత అమెరికాలోని అనేక నగరాలకు, మరికొన్ని దేశాలకు వ్యాపించినది. విశ్వవిద్యాలయాలలో పనిచేసే పరిశోధకులు, పరిశోధక విద్యార్థులు దీనిని స్వచ్ఛందంగా నడుపుతారు. సాధారణంగా ప్రవేశ రుసుము ఉండదు.

పేరు

ఆంగ్లంలో ట్యాప్ అంటే కొళాయి. పీపాలో నిలువ ఉంచిన బీరును కొళాయి తిప్పి గ్లాసులో పోసి ఇస్తారు గనుక అటువంటి బీరును "ఆన్ ట్యాప్" అంటారు. అడిగిన వెంటనే దొరికే దేనికైనా ఇదే మాట వాడతారు. ఖగోళశాస్త్రం కూడా అంత సులభంగా అందుబాటులో ఉండాలన్నది ఈ పేరులోని చమత్కారం.

పబ్ అనే మాటకు కూడా కొంత వివరణ అవసరం. హైదరాబాదు వంటి నగరాలలో పబ్ అనగానే పెద్ద శబ్దంతో సంగీతం, నృత్యం, ఖరీదైన పానీయాలు గుర్తుకు వస్తాయి. ఇంగ్లండులో పబ్ అంటే అది కాదు. "పబ్లిక్ హౌస్" అనే మాటకు అది సంక్షిప్త రూపం. ప్రతి పల్లెలోను, పేటలోను ఇరుగుపొరుగు వారు చేరి కబుర్లు చెప్పుకొనే చోటు అది. మన ఊళ్ళలో రచ్చబండకు, కాఫీ హోటలుకు, కల్లు పాకకు ఉన్న పనులన్నీ అక్కడ ఒక్క కప్పు కింద జరుగుతాయని చెప్పవచ్చు. ఉదయించే సూర్యుడు, అర్ధచంద్రుడు, ఏడు నక్షత్రాలు అనే అర్థాలు గల పేర్లు ఇంగ్లండు పబ్బులకు చాలా సాధారణం. ఆ బోర్డులకు ఖగోళశాస్త్రంతో సంబంధమేమీ లేదు గానీ, ఈ వ్యాస విషయానికి మాత్రం చక్కగా అమరినవి.

పూర్వ చరిత్ర

పానీయం ముందు కూర్చుని శాస్త్రం మాట్లాడుకొనడం కొత్త విషయం కాదు. లండనులో మొదటి కాఫీ హౌసు 1652లో వెలసినది. ఒక్క పెన్నీ చెల్లిస్తే కాఫీతో పాటు వార్తలు, చర్చలు లభించేవి గనుక వీటికి "పెన్నీ విశ్వవిద్యాలయాలు" అనే ముద్దుపేరు వచ్చినది.

1684 జనవరిలో ఎడ్మండ్ హ్యాలీ, క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్ లండనులో కలుసుకొన్నారు. సూర్యుని ఆకర్షణ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని అనుకొంటే గ్రహాల చలన నియమాలన్నిటినీ దాని నుండి రాబట్టవచ్చునా అనే ప్రశ్న వారి మధ్య వచ్చినది. తనకు ఆ నిరూపణ తెలుసునని హుక్ అన్నాడు. రెన్‌కు నమ్మకం కుదరలేదు. రెండు నెలలలోగా నమ్మదగిన నిరూపణ తెచ్చిన వారికి 40 షిల్లింగుల విలువ గల పుస్తకం బహుమతిగా ఇస్తానని ఆయన ప్రకటించాడు. గడువులోగా ఎవరూ తేలేదు. ఆ వేసవిలో హ్యాలీ కేంబ్రిడ్జికి వెళ్ళి ఇదే ప్రశ్నను ఐజాక్ న్యూటన్‌ను అడిగాడు. గ్రహమార్గం దీర్ఘవృత్తమని, దానిని తాను ఎప్పుడో లెక్కించానని న్యూటన్ బదులిచ్చాడు. అయితే ఆ లెక్క వేసిన కాగితం వెదికినా దొరకలేదు. మళ్ళీ వ్రాసి పంపుతానని ఆయన ఇచ్చిన మాటే పెరిగి పెద్దదై 1687లో "ప్రిన్సిపియా" గ్రంథంగా వెలువడినది. దాని ముద్రణ ఖర్చును హ్యాలీయే భరించాడు.

ముగ్గురి ఆ సంభాషణ కాఫీ హౌసులో జరిగినదని అనేక పుస్తకాలు చెబుతాయి. హ్యాలీ తరువాత న్యూటన్‌కు వ్రాసిన ఉత్తరంలో మాత్రం స్థలం ప్రస్తావన లేదు. అది ఎక్కడ జరిగినా, ఖగోళశాస్త్రంలో బహుమతి ప్రకటించి అడిగిన ప్రశ్నలలో ఇంతటి ఫలితం ఇచ్చినది మరొకటి లేదు.

కాఫీ హౌసులలో ఖగోళశాస్త్రం బోధించి జీవనం సాగించిన వారిలో విలియం విస్టన్ ముఖ్యుడు. కేంబ్రిడ్జిలో న్యూటన్ తరువాత ఆయన పీఠాన్ని అధిష్ఠించిన విస్టన్, క్రైస్తవ మత విషయాలలో తన భిన్నాభిప్రాయాల కారణంగా 1710లో ఆ ఉద్యోగాన్ని పోగొట్టుకొన్నాడు. లండను చేరి కాఫీ హౌసులలో రుసుము తీసుకొని ఉపన్యాసాలు ఇవ్వసాగాడు. విశ్వవిద్యాలయం వెళ్ళగొట్టిన ఆచార్యుడికి కాఫీ హౌసు అన్నం పెట్టినదన్న మాట. 1715 మే 3న ఇంగ్లండుపై సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినపుడు చంద్రుని నీడ ఏ ఊళ్ళ మీదుగా పోతుందో ముందుగానే పటం గీసి హ్యాలీ ప్రచురించాడు. విస్టన్ కూడా పటాలు వేసి, ఉపన్యాసాలు ఇచ్చాడు. గ్రహణం అంటే అరిష్టమని భయపడే జనానికి నిమిషాలతో సహా ముందే చెప్పడం వారి ఉద్దేశాలలో ఒకటి. హ్యాలీ చెప్పిన కాలానికి, జరిగిన దానికి నాలుగు నిమిషాల తేడా మాత్రమే వచ్చినది.

పబ్బుకు కూడా శాస్త్ర చరిత్రలో ఒక తేదీ ఉన్నది. 1953 ఫిబ్రవరి 28న కేంబ్రిడ్జిలోని ఈగిల్ అనే పబ్బులో ఫ్రాన్సిస్ క్రిక్, తాను జేమ్స్ వాట్సన్‌తో కలిసి జీవ రహస్యాన్ని కనుగొన్నట్లు భోజనానికి వచ్చిన వారి ఎదుట ప్రకటించాడని చెబుతారు. ఆ రహస్యం డి.ఎన్.ఎ. నిర్మాణం. రామన్ ఫలితం జ్ఞాపకార్థం భారతదేశం జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకొనేది కూడా ఫిబ్రవరి 28ననే కావడం యాదృచ్ఛికం.

ఆధునిక రూపాలు

1992లో ఫ్రెంచి తత్వవేత్త మార్క్ సోతే పారిస్‌లోని ఒక కేఫ్‌లో ఆదివారపు తత్వ చర్చలు ప్రారంభించాడు. వాటి స్ఫూర్తితో 1998లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో డంకన్ డల్లాస్ "కేఫ్ సైంటిఫిక్" పేరుతో విజ్ఞాన చర్చలు మొదలుపెట్టాడు. ఆయన టెలివిజన్‌లో విజ్ఞాన కార్యక్రమాలు నిర్మించినవాడు. ఇక్కడ శాస్త్రవేత్త సుమారు ఇరవై నిమిషాలు మాత్రమే మాట్లాడతాడు. తెర, బొమ్మలు సాధారణంగా ఉండవు. కొంత విరామం తరువాత మిగిలిన సమయమంతా ప్రశ్నలకే కేటాయిస్తారు. ప్రసంగం కన్నా ప్రశ్నలకు ఎక్కువ సమయం ఇవ్వడమే ఈ పద్ధతిలోని గొప్ప మార్పు. తరువాత వచ్చిన కార్యక్రమాలన్నీ ఏదో ఒక మేరకు దీనికి ఋణపడినవే.

లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన మైఖేల్ మోట్స్‌కిన్, ప్రవీణ్ పాల్ అనే పరిశోధకులు 2012లో నాడీ సంబంధ వ్యాధులు గల రోగులను, వారి బంధువులను తమ ప్రయోగశాలలకు ఆహ్వానించారు. జనం ప్రయోగశాలకు రాగలిగినపుడు శాస్త్రవేత్తలు జనం దగ్గరకు ఎందుకు పోరాదని వారికి తోచినది. ఆ ఆలోచన నుండి "పైంట్ ఆఫ్ సైన్స్" అనే ఉత్సవం 2013 మే నెలలో పుట్టి, తరువాత ఇరవైకి పైగా దేశాలకు విస్తరించినది. అందులో అణువుల నుండి నక్షత్ర మండలాల వరకు భౌతిక, ఖగోళ విషయాలకు ఒక ప్రత్యేక విభాగం ఉంటుంది.

ఆస్ట్రానమీ ఆన్ ట్యాప్ కూడా అదే సంవత్సరం న్యూయార్క్‌లో ప్రారంభమైనది. దీని స్థాపకురాలు మెగ్ ష్వాంబ్. ఈమె నెప్ట్యూన్‌కు ఆవల తిరిగే చిన్న గోళాలపై పరిశోధన చేసిన ఖగోళ శాస్త్రవేత్త. పరిశోధనలో సామాన్య ప్రజలను భాగస్వాములను చేసే పథకాలలో పనిచేసినది. ప్రజలకు శాస్త్రాన్ని చేరవేసినందుకు అమెరికా ఖగోళ సంఘపు గ్రహశాస్త్ర విభాగం ఇచ్చే కార్ల్ సేగన్ పతకాన్ని 2017లో అందుకొన్నది. న్యూయార్క్‌లో ఎమిలీ రైస్ తదితరులు ఈ కార్యక్రమాన్ని ముందుకు తీసుకుపోయారు. 2014లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లోను, 2015లో సియాటిల్‌లోను శాఖలు వెలసినవి. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కాల్‌టెక్ శాస్త్రవేత్తలు రెండు చిన్న ప్రసంగాలు, ఒక క్విజ్ కలిపి నడిపారు. కేంద్ర కార్యాలయం పెత్తనం అంటూ పెద్దగా లేదు. పేరు ఒక్కటే. ఏ ఊరి వారు ఆ ఊరికి తగినట్లు జరుపుకొంటారు.

కార్యక్రమ విధానం

బార్లకు శుక్ర, శనివారాలలో జనం కొరత ఉండదు. అందుచేత ఇటువంటి కార్యక్రమాలు ఎక్కువగా సోమ, మంగళ, బుధవారాలలో జరుగుతాయి. యజమాని స్థలం ఉచితంగా ఇస్తాడు, వచ్చినవారు తిండికి, పానీయానికి డబ్బు ఖర్చు చేస్తారు, ప్రసంగించేవారు రుసుము అడగరు. ఒక కొత్త అలవాటు నాలుగు కాలాలు నిలవడానికి ఇటువంటి పరస్పర లాభం చాలా ఉపకరిస్తుంది.

ప్రసంగం పదిహేను నుండి ఇరవై నిమిషాలు ఉంటుంది. తరగతి గదిలో విద్యార్థి లేచి పోలేడు. పబ్బులో శ్రోత ఏ క్షణానైనా లేచి గ్లాసు నింపుకొనడానికి పోగలడు, లేదా పక్కవానితో మాటలు మొదలుపెట్టగలడు. పైగా పళ్ళెముల చప్పుడు, దూరంగా వెలిగే దీపాలు, మైకు గొడవలు ఉంటాయి. కనుక సమీకరణాలతో నింపిన తెరలు ఇక్కడ పనికిరావు. ఒక్క విషయం ఎన్నుకొని, దానినే కథలా చెప్పవలసి ఉంటుంది. అందువలన పరిశోధక విద్యార్థులకు ఇది మంచి శిక్షణ. తన పరిశోధన ఎందుకు అవసరమో బీరు గ్లాసు పట్టుకొన్న మనిషికి ఇరవై నిమిషాలలో చెప్పగలిగినవాడు ఏ సభలోనైనా చెప్పగలడు.

ప్రసంగాల మధ్య ఆ నెలలో ఖగోళ వార్తలు చెప్పడం కొన్నిచోట్ల ఆనవాయితీ. ఈ వార్తల వలననే ఇటువంటి సభలకు అసలైన ప్రయోజనం కలుగుతున్నదని చెప్పవచ్చు. 2019 చివర ఆర్ద్రా నక్షత్రం కాంతి అనూహ్యంగా తగ్గినపుడు అది పేలిపోబోతున్నదని పత్రికలు వ్రాశాయి. నక్షత్రం వెలువరించిన ధూళి అడ్డుపడడం దానికి ముఖ్య కారణమని తరువాత తేలినది. 2017లో ఔమువామువా, 2025లో త్రీఐ-అట్లాస్ అనే వస్తువులు సౌర కుటుంబం వెలుపలి నుండి వచ్చినపుడు అవి అన్యలోక వాసుల వాహనాలన్న మాట ప్రపంచమంతా పాకినది. ఇటువంటి సందేహాన్ని పండితుల సభలో లేచి అడగడానికి సామాన్యుడు జంకుతాడు. పక్క బల్ల వద్ద కూర్చున్న శాస్త్రవేత్తను అడగడానికి జంకడు. ఆ ఒక్క భయం పోగొట్టినా చాలు, సగం పని అయినట్లే.

కొన్ని ఊళ్ళలో వాకిట్లో దూరదర్శిని కూడా ఉంచుతారు. నగర దీపాల వెలుగులో పాలపుంత కనబడదు గానీ చంద్రుడు, గురుడు, శని వలయాలు చక్కగా కనబడతాయి. దారిన పోయేవారిని పిలిచి ఆకాశం చూపించే పద్ధతికి ఆద్యుడు జాన్ డాబ్సన్. ఆయన 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో పేవ్‌మెంటు ఖగోళజ్ఞుల సంఘానికి పునాది వేశాడు. రామకృష్ణ సంప్రదాయానికి చెందిన వేదాంత ఆశ్రమంలో 23 సంవత్సరాలు సన్యాసిగా ఉంటూ, దొరికిన గాజు ముక్కలను అరగదీసి దూరదర్శినులు చేసిన ఈయన జీవితం ప్రత్యేక వ్యాసానికి తగినది.

ప్రశ్నల పోటీ

పబ్ క్విజ్ అనే ఆట బ్రిటన్‌లో 1970లలో బాగా వ్యాపించినది. జనం పలుచగా ఉండే రాత్రులలో పబ్బులకు ఆకర్షణ కల్పించడానికి షారన్ బర్న్స్, టామ్ పోర్టర్ అనేవారు 1976లో పబ్బుల మధ్య క్విజ్ పోటీలు ఏర్పాటు చేయడంతో అది ఊపందుకొన్నది. నలుగురైదుగురు ఒక జట్టుగా కూర్చుంటారు. ప్రశ్న మైకులో చదువుతారు. జట్టు గుసగుసలాడి జవాబు కాగితంపై వ్రాస్తుంది. చివర కాగితాలు పక్క జట్టుతో మార్చుకొని దిద్దుతారు. ఇద్దరికి సమాన మార్కులు వస్తే ఒక సంఖ్యను అడిగి, దానికి దగ్గరగా చెప్పినవారిని గెలిచినట్లు ప్రకటిస్తారు. చరవాణిలో వెదకడం నిషేధం.

ఖగోళ క్విజ్‌లో మంచి ప్రశ్న అంటే ఎవరికీ తెలియనిది కాదు, అందరూ తెలుసుననుకొని పొరబడేది. అన్నిటికంటె వేడి గ్రహం ఏది అంటే చాలామంది సూర్యునికి దగ్గరగా ఉన్న బుధుడని వ్రాస్తారు. సరైన జవాబు శుక్రుడు. దట్టమైన బొగ్గుపులుసు వాయువు కప్పుకొని ఉండడం వలన దాని ఉపరితలం సుమారు 465 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. భూమి సూర్యునికి అతి చేరువగా ఉండేది ఏ నెలలో అన్నది మరొక ఉచ్చు. జనవరి మొదటి వారంలో ఆ దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలై మొదటి వారంలో 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే ధనుర్మాసపు చలిలో మనం వణికేటపుడే సూర్యునికి దగ్గరగా ఉంటాము. ఋతువులకు కారణం దూరం కాదు, భూమి అక్షం వంగి ఉండడం అనే పాఠం ఈ ఒక్క ప్రశ్నతో మనసులో నాటుకొంటుంది.

ప్రశ్నలు కూర్చేవారికి ఖగోళశాస్త్రం పెట్టే ఇబ్బంది ఒకటి ఉన్నది. దీనిలో జవాబులు మారుతుంటాయి. ఎక్కువ ఉపగ్రహాలు గల గ్రహం ఏది అంటే 2019 వరకు గురుడు అని వ్రాస్తే మార్కు వచ్చేది. ఆ సంవత్సరం అక్టోబరులో శని 82 ఉపగ్రహాలతో ముందుకు పోయినది. 2023 ఫిబ్రవరిలో గురుడు 92తో మళ్ళీ మొదటి స్థానానికి వచ్చాడు. మే నెలకల్లా శని 145కు చేరినది. 2025 మార్చిలో మరో 128 ఉపగ్రహాలను గుర్తించడంతో శని లెక్క 274కు పెరిగినది. పాత ప్రశ్నపత్రం తీసి అలాగే చదివిన నిర్వాహకుడికి శ్రోతల చేతిలో చీవాట్లు తప్పవు. గ్రహాల సంఖ్య విషయమూ అంతే. 1930లో కనుగొన్న ప్లూటోకు ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వెనీషియా బర్నీ అనే 11 సంవత్సరాల బాలిక. 2006 ఆగస్టు 24న ప్రేగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దానిని గ్రహాల జాబితా నుండి తొలగించినది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదం మాత్రం పబ్బులలో ముగియలేదు, ముగిసే సూచనలూ లేవు.

విమర్శలు, ప్రత్యామ్నాయాలు

ఈ కార్యక్రమాలపై వచ్చే ప్రధానమైన అభ్యంతరం స్థలాన్ని గురించినదే. అమెరికాలో మద్యం కొనడానికి కనీస వయస్సు 21 సంవత్సరాలు. చాలా బార్లు అంతకంటె చిన్నవారిని లోనికి రానివ్వవు. ఆకాశం పట్ల అందరికంటె ఎక్కువ ఆసక్తి చూపే బడి పిల్లలు ఆ విధంగా వెలుపలే మిగిలిపోతారు. మతం వలన గాని, ఇష్టం వలన గాని మద్యం ముట్టనివారు, త్రాగుడు మానడానికి ప్రయత్నిస్తున్నవారు, చంటిపిల్లల తల్లులు కూడా రాలేరు. సభకు వచ్చేవారిలో ఇంతకుముందే విజ్ఞానంపై అభిరుచి ఉన్న విద్యావంతులే ఎక్కువన్నది రెండవ విమర్శ. ఇందులో నిజం లేకపోలేదు. అయితే పబ్బుకు ఇతర పని మీద వచ్చి, ప్రసంగం విని నిలిచిపోయినవారు కూడా ఉంటారు. ఉపన్యాస మందిరంలో ఆ అవకాశం లేదు. 2020లో కోవిడ్ మహమ్మారి వలన పబ్బులు మూతపడినపుడు చాలా ఊళ్ళవారు ప్రసంగాలను అంతర్జాలంలో కొనసాగించారు.

భారతదేశంలో ఇదే ఆలోచన టీ కప్పులోను, కాఫీ గ్లాసులోను రూపు దిద్దుకొన్నది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ 2009లో "చాయ్ అండ్ వై?" అనే పేరుతో జుహూలోని పృథ్వీ థియేటర్‌లో ఆదివారం ఉదయపు ప్రసంగాలు మొదలుపెట్టినది. పిల్లలు, పెద్దలు కలిసి వస్తారు. బెంగుళూరులో అంతర్జాతీయ సైద్ధాంతిక విజ్ఞాన కేంద్రం "కాపీ విత్ క్యూరియాసిటీ" పేరుతో ఇటువంటి ప్రసంగాలు నిర్వహించినది.

తెలుగు నాట సారాకు, చదువుకు మధ్య సంబంధం మరొక రకమైనది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చి అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు తమ వాచకంలోని ఒక పాఠం చదివి, సారా దుకాణాన్ని మూయించడానికి పూనుకొన్నారు. 1992 నాటికి అది రాష్ట్రమంతటా సారా వ్యతిరేక ఉద్యమంగా మారినది. 1995లో అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. ఆ అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు గ్రహణాల సమయంలో పాఠశాల ఆవరణలలోను, మైదానాలలోను ప్రజలకు ఆకాశం చూపుతూ, గ్రహణ వేళ అన్నం తినవచ్చునని తామే తిని చూపించాయి. హైదరాబాదులోని బిర్లా నక్షత్రశాలలో 1985 నుండి తెలుగులో ప్రదర్శనలు జరుగుతున్నవి.